శాండర్ అమ్మేయాలా, మామయ్యగారిని ఆపాలా?

ఈసారి ఉత్తరం గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్నం నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందుకని సారాంశం ఇస్తున్నాను.

రాసినావిడ పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసి, మామగారి వడ్రంగం షెడ్డులోనే పని నేర్చుకున్నారు. ఆయన తలుపులు, దేవుడి మందిరాలు చేస్తారు. ఈవిడ పిల్లల చెక్క పజిళ్ళు, ఇంటి ముందు పెట్టే నేమ్ బోర్డులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. షెడ్డులో 12 అంగుళాల డిస్క్ శాండర్ ఉంది, అంటే శాండ్‌పేపర్ అంటించిన చక్రం తిరుగుతూ చెక్కని అరగదీసే మిషన్, త్రీ ఫేజ్ మోటారుది. మూడు వారాల కిందట మామగారు ఒక చిన్న పజిల్ ముక్కకి అంచు గుండ్రం చేస్తుంటే ఆ ముక్క బల్లకీ డిస్కుకీ మధ్య ఉన్న సందులోకి జారింది. దాని వెనకే మధ్యవేలు వెళ్ళింది. వేలి కొస చర్మం, సగం గోరు పోయాయి. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని మర్నాడే పనిలోకి దిగారట. ఆయనకి షుగర్ ఉంది. గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"మావారు ఆ మిషన్ అమ్మి పారేయమంటున్నారు. మామయ్యగారేమో 'నలభై ఏళ్ళ చెయ్యి ఇది, ఒక్కసారి జారితే మిషన్ అమ్ముకుంటామా' అంటున్నారు. నేను జాగ్రత్తలు చెప్పబోతే 'నిన్నగాక మొన్న ఉలి పట్టిన పిల్ల నాకు చెబుతోంది' అని అత్తయ్య దగ్గర అన్నారట. మావారు లెదర్ గ్లౌజులు కొనిస్తే అవి తీసి మూల పడేశారు. ఇంటర్ చదువుతున్న మా ఆడపడుచు కొడుకు సెలవులకి వచ్చి, తాతలాగే వేళ్ళతో పట్టుకుని ముక్కలు అరగదీస్తున్నాడు. వాణ్ణి చూస్తే నాకు టెన్షన్" అని రాశారు.

ఇంకొన్ని సంగతులు కూడా ఉన్నాయి. మిషన్‌ని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిపి కొత్త వైరు లాగించారు. అప్పటినుంచీ పొడి మొహాన కొడుతోంది, ముక్కలు బల్ల మీద నిలవకుండా ఎగురుతున్నాయి. అప్పుడే స్టార్టర్ కాలిపోయి ఉంటే ఎలక్ట్రీషియన్ నేరుగా స్విచ్‌కి కలిపేశాడు. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు, దగ్గర ఎవరూ లేకుండానే డిస్క్ తిరగడం మొదలైంది. డిస్క్ మీది శాండ్‌పేపర్ కాగితం అంచు ఒకచోట లేచింది, ఎలా మార్చాలో ఈవిడకి తెలీదు. మామగారు ఉలి మొద్దుబారితే పదును కూడా దీని మీదే పెడతారు. నేమ్ బోర్డులకి ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుతో చేసిన పలక) వాడతారు, ఈవిడకి పొడి దగ్గు పట్టుకుంది, ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది. అమ్మేయాలా, ఉంచితే ఎలా వాడాలి, పెద్దాయనకి ఎవరు చెప్పాలి అన్నవి ఈవిడ ప్రశ్నలు.

అమ్మా, ముందు వేలి సంగతి. మిగతా వాటన్నిటికీ ఇలా చేయొచ్చు, అలా చేయొచ్చు అని చెబుతాను గానీ దీనికి అలా చెప్పను. షుగర్ ఉన్న మనిషికి వేలి కొస గాయం మూడు వారాలైనా పచ్చిగా ఉందంటే ఈ రోజే డాక్టరుకి చూపించాలి. లోపల చెక్క పొడి మిగిలిందేమో, ఎముక దాకా చీము పట్టిందేమో పైకి చూస్తే తెలియదు. టి.టి. ఇంజెక్షన్ వేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. అది కూడా అడగండి. తీసుకెళ్ళే పని మీవారిది. మిషన్ అమ్మమని వాదించే ఓపికలో సగం పెట్టి, ఏ వాదనా లేకుండా బండెక్కించుకుని తీసుకెళ్తే చాలు.

ఇక మిషన్. మీ ఇంట్లో గొడవంతా 'మిషన్ ప్రమాదం' అని ఒకరు, 'నా చెయ్యి మంచిదే' అని ఇంకొకరు అన్నట్టు సాగుతోంది. నాకు మాత్రం మీరు మాటవరసకి రాసిన ఒక వాక్యం దగ్గర చూపు ఆగింది. జరిపినప్పటినుంచీ పొడి మొహాన కొడుతోంది, ముక్కలు ఎగురుతున్నాయి అన్నారు. ఆ మిషన్ ఉల్టా తిరుగుతోందని నా గట్టి అనుమానం.

త్రీ ఫేజ్ మోటారుకి మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది. చెక్క చదును చేసే ప్లేనర్ అలా తిరిగితే చెక్క తెగదు, మీ మామయ్యగారు ఆ క్షణమే పట్టేసేవారు. శాండ్‌పేపర్‌కి ముందూ వెనకా లేవు. ఎటు తిరిగినా అరగదీస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ తేడా చాలా ఉంది. డిస్కుకి ఎదురుగా నిలబడితే ఒక సగం కిందికి దిగుతూ ఉంటుంది, ఇంకో సగం పైకి లేస్తూ ఉంటుంది. దిగే వైపు పనిచేస్తే డిస్కే ముక్కని బల్లకి అదిమి పెడుతుంది, పొడి కిందికి పోతుంది. లేచే వైపు పెడితే ముక్కని ఎత్తి విసురుతుంది, పొడి కళ్ళలోకి వస్తుంది. ఎక్కువ మిషన్లలో ఎదురుగా నిలబడినవారికి ఎడమ సగం కిందికి దిగుతుంది. మామయ్యగారి చేతికి అలవాటైంది ఆ ఎడమ వైపే. వైరు మార్చాక అదే చోట డిస్క్ పైకి లేస్తోంది. చేతిలో ఉన్న నలభై ఏళ్ళ అలవాటే ఆయన్ని తప్పు వైపు నిలబెట్టింది.

చూడటం తేలికే. మెయిన్ ఆపి, డిస్క్ మీద సుద్దముక్కతో పెద్ద గీత గీయండి. పక్కకి జరిగి, ఒక్క క్షణం ఆన్ చేసి ఆపేయండి. వేగం తగ్గుతూ ఆగబోయే ముందు గీత ఎటు వెళ్తోందో కనిపిస్తుంది. డిస్కుని కప్పే గార్డు మీద బాణం గుర్తు ఉంటే దానితో పోల్చండి.

ఉల్టా అని తేలితే రెండు దారులున్నాయి. ఇప్పటికి కుడివైపు పనిచేసుకోవడం ఒకటి. ఖర్చు లేదు గానీ, పొడి లాగే గొట్టం, గార్డు అసలు దిశకి తగ్గట్టు చేసినవి కాబట్టి దుమ్ము సరిగ్గా పోదు. పైగా మరచిపోయి చెయ్యి మళ్ళీ ఎడమకే వెళ్తుంది. కొన్ని మిషన్లలో డిస్క్ మరతో బిగిసి ఉంటుంది, ఉల్టా తిరిగితే వదులయ్యే ప్రమాదం కూడా ఉంది. రెండో దారి ఎలక్ట్రీషియన్ని పిలిచి రెండు వైర్లు మార్పించడం. అది పది నిమిషాల పని. నేనైతే రెండోదే చేయిస్తాను, ఎందుకంటే ఎలాగూ స్టార్టర్ కోసం అతను రావాల్సిందే.

ఆ స్టార్టర్‌ని తక్కువగా చూడకండి. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే మామూలు స్టార్టర్లో ఒక కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది, మళ్ళీ ఎవరో పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. మీకిప్పుడు ఆ అడ్డు లేదు. కరెంటు పోయింది కదా అని ఆ పిల్లాడు డిస్క్ మీది కాగితం సర్దుతుండగా లైన్ వచ్చిందనుకోండి, ఇక చెప్పేదేముంది. స్టార్టర్ పెట్టించేదాకా, సుద్దగీత పరీక్షకి తప్ప, ఆ స్విచ్ ఆన్ చేయకపోవడమే మంచిది. పిలిచినప్పుడే ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఫేజులు తారుమారైనా, ఒక ఫేజ్ పోయినా మోటారుని ఆపేసే ఫేజ్ ప్రివెంటర్లు దొరుకుతాయి, వీలైతే అదీ పెట్టించుకోండి. రేపు వీధిలో లైన్ పని చేసి ఫేజులు మారిపోయినా మీకు తెలుస్తుంది.

తర్వాత ఆ సందు. మందిరాల ఫ్రేములకి బల్లని 45 డిగ్రీలకి వంచామని రాశారు. మళ్ళీ నిటారుగా పెట్టినప్పుడు బల్ల వెనక్కి జరిగిపోయి ఉంటుంది, ఎవరూ చూసుకోలేదు. బల్లకీ డిస్కుకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు మించి ఖాళీ ఉండకూడదు. కొలవడానికి పరికరం అక్కర్లేదు, రెండు ఏటీఎం కార్డులు కలిపి పెడితే అంతే మందం. అవి పట్టాలి, అంతకు మించి వదులుగా ఉండకూడదు. సరిచేశాక మెయిన్ ఆపే ఉంచి డిస్కుని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా బల్లకి రాసుకోవట్లేదని చూడండి. మూలమట్టం పెట్టి బల్లకీ డిస్కుకీ తొంభై డిగ్రీలు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. బల్ల అంచు అరిగిపోయి అంత దగ్గరికి రాకపోతే, పైన ఒక ప్లైవుడ్ ముక్కని డిస్క్ దాకా వచ్చేలా కదలకుండా బిగించుకోండి. బల్ల వంచిన ప్రతిసారీ, తిరిగి ఎత్తిన ప్రతిసారీ ఈ సందు మారుతుంది. అందుకని ఆ రెండు కార్డులు మిషన్ పక్కనే మేకుకి వేలాడదీయండి. పాత కార్డులు, పనికొచ్చేవి కాదు.

అమ్మేయడం గురించి. మీవారి భయం నాకు అర్థమవుతుంది. కానీ మిషన్ పోయినా ఆర్డర్లు పోవు. అంచులు గుండ్రం చేసే పని ఎలాగూ ఉంటుంది. మన షెడ్డుల్లో అప్పుడు జరిగేదేమిటంటే, యాంగిల్ గ్రైండర్‌కి శాండింగ్ డిస్క్ తగిలించి, ఒక చేత్తో గ్రైండరూ ఇంకో చేత్తో ముక్కా పట్టుకోవడం. అది దీనికంటే చాలా ప్రమాదం. దానికి బల్లే లేదు, నిమిషానికి తిరిగే చుట్లు కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మిషన్ అమ్మేస్తే గ్రైండర్‌తో ముక్కలు అరగదీయకూడదన్న ఒప్పందం కూడా ఇంట్లో జరగాలి.

చిన్న ముక్కలకి మాత్రం అసలు మిషనే అక్కర్లేదేమో ఆలోచించండి. 12 అంగుళాల డిస్క్ నిమిషానికి 1440 చుట్లు తిరిగితే దాని అంచు గంటకి 80 కిలోమీటర్ల పైన పోతోందన్నమాట. హైవే మీద బస్సు పక్కనుంచి వెళ్తుంటే దాన్ని వేలితో తాకినట్టే. రెండంగుళాల పజిల్ ముక్కకి అంత వేగం ఎందుకు? ఒక చదునైన పలకకి 120 నంబరు శాండ్‌పేపర్ అంటించి, ముక్కని దాని మీద రుద్దితే మీ పజిల్ అంచులు ఇంకా సాఫీగా వస్తాయి. టైమ్ ఎక్కువ పడుతుంది, ఆ మేరకు ధర పెంచాలి, లేదా తక్కువ ముక్కల పజిల్ చేయాలి.

మిషన్ మీదే చేయాలంటే పని వరస మార్చండి. ముందు కోసేసి తర్వాత అరగదీస్తున్నారు కాబట్టే వేళ్ళు దగ్గరికి పోతున్నాయి. ముక్క ఇంకా పెద్ద చెక్కకి ఉండగానే బయటి వంపు అరగదీసి, ఆ తర్వాత కోయండి. ఒకే ఆకారం ముక్కలు ఐదారు ఉంటే డబుల్ సైడ్ టేపుతో ఒకదాని మీద ఒకటి అంటించి, కట్టలా పట్టుకుని చేయొచ్చు. ఒంటరి ముక్క అయితే పొడుగాటి పట్టుచెక్కకి అంటించడమో క్లాంపుతో బిగించడమో చేయండి. వేళ్ళు డిస్కుకి నాలుగంగుళాల లోపు రావాల్సి వస్తే అది చేత్తో పట్టుకునే ముక్క కాదని నా లెక్క. గుండ్రటి చక్రాలైతే ఒక ప్లైవుడ్ మీద మేకు కొట్టి, చక్రం మధ్య చిల్లు దానికి దూర్చి తిప్పుతూ చేసుకోవచ్చు, ఎన్ని చేసినా ఒకే సైజు వస్తాయి.

గ్లౌజుల విషయంలో మామయ్యగారు నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. తిరిగే డిస్క్ దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. వట్టి వేలు తగిలితే చర్మం పోతుంది, గ్లౌజు అంచు చిక్కితే చెయ్యి మొత్తం లోపలికి లాగేస్తుంది. భుజం మీది తువ్వాలు, చేతి కడియం, వాచీ, మీ చున్నీ, గాజులు, వదిలేసిన జడ అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. ఆ పిల్లాడి చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటే అవీ. కళ్ళకి మాత్రం అద్దాలు అందరికీ ఉండాలి.

ఆయనతో మాట కలపడానికి మీకు దొరికిన దారి ఇదే. 'గ్లౌజుల సంగతి మీరే కరెక్ట్ అట నాన్నా' అని మీవారే ఒప్పుకోవాలి. తర్వాత సుద్దగీత పరీక్ష ఆయన చేతే చేయించండి. మిషన్ ఉల్టా తిరుగుతోందని ఆయన కళ్ళతో చూస్తే, 'నా చెయ్యి జారలేదు, వైరు తప్పు' అని ఆయనే పదిమందికీ చెబుతారు. చెప్పనివ్వండి. అందులో నిజమే ఎక్కువ. అప్పుడు సందు గురించి మాట్లాడటం మీకు తేలికవుతుంది. పట్టుచెక్కలు కూడా ఆయన్నే చేసిపెట్టమని అడగొచ్చు, మీకంటే బాగా చేస్తారు. చేసిచ్చి, తాను మాత్రం మళ్ళీ వేళ్ళతోనే పట్టుకునే అవకాశం లేకపోలేదు. అలా జరిగితే మాటలతో పోట్లాడకండి. పజిళ్ళ ఆర్డర్లు మీవి, ఆ చిన్న ముక్కలు ఆయన చేతికి అందకుండా మీ బల్ల దగ్గరే ఉంచుకోండి. తలుపు చెక్కలు, మందిరం స్తంభాలు పెద్దవి, వాటితో ఆయనకి ఈ ఇబ్బంది రాదు.

పిల్లాడి విషయంలో నేను మెత్తబడను. పద్ధెనిమిది నిండేదాకా ఆ మిషన్ దగ్గరికి వద్దు. తాత మీద ప్రేమతోనే వస్తున్నాడు, షెడ్డులోంచి పంపేయనక్కర్లేదు. గీతలు గీయడం, చేత్తో రుద్దడం, రంగులు వేయడం ఎంత పనైనా ఉంది. ఈ మాట చెప్పాల్సింది మీరూ కాదు, మామయ్యగారూ కాదు. మీ ఆడపడుచు. ఆవిడకి వేలి సంగతి పూర్తిగా తెలుసా? తెలియకపోతే మీవారు ఫోన్ చేసి చెప్పాలి. తల్లి వద్దంటే తాత కూడా పట్టుబట్టరు. మీరు చెబితే మాత్రం 'కోడలు మనవణ్ణి రానివ్వట్లేదు' అనే దాకా వెళ్తుంది.

మీ దగ్గు. ఎం.డి.ఎఫ్. అంటే సన్నటి చెక్క పీచుని సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉండే జిగురుతో అదిమి చేసిన పలక. దాని దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, గాలిలో చాలాసేపు తేలుతుంది. చెక్క దుమ్మునీ, ఫార్మాల్డిహైడ్‌నీ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. ఇది ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళ సంగతి, ఈ వారం దగ్గుకి బెంబేలెత్తకండి. కానీ మీరు చేస్తున్నది ఏళ్ళ తరబడి చేసే పనే కదా. చున్నీ అడ్డం పెట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు, పైగా చున్నీయే ప్రమాదమని ఇందాకే అనుకున్నాం. మొహానికి సందు లేకుండా పట్టే ఎన్95 మాస్కు పెట్టుకోండి. మిషన్ కింద ఉన్న గొట్టానికి వర్క్‌షాప్ వాక్యూమ్ తగిలిస్తే సగం బాధ తీరుతుంది. ఇంట్లో వాడే చిన్న వాక్యూమ్ అయితే దాని సంచి చూస్తుండగానే నిండిపోతుంది. చీపురుతో పొడి ఊడవకండి, లేచిన దుమ్మంతా మళ్ళీ మీరే పీలుస్తారు. తడిగుడ్డతో తుడవండి. పాపని ఎత్తుకునే ముందు బట్టలు మార్చుకోండి. సెలవు రోజుల్లో దగ్గు తగ్గి పని రోజుల్లో పెరుగుతుంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి, వాళ్ళకి అది పనికొచ్చే సమాచారం.

ఉలి పదును ఈ మిషన్ మీద పెట్టడం ఆపించాలి. ఇనుము తగిలితే రవ్వలు లేస్తాయి, కింద గొట్టంలోనూ సంచిలోనూ ఉన్నదంతా ఎండిన చెక్క పొడి. వెంటనే మంట రాకపోవచ్చు. లోలోపల రాజుకుని, షెడ్డు తాళం వేశాక రాత్రి అంటుకోవచ్చు. వాక్యూమ్ తగిలిస్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది, రవ్వని అదే లోపలికి లాక్కుంటుంది. ఉలికి సానరాయి ఉండనే ఉంది. మేకు మిగిలిన పాత చెక్కలు పెట్టినా ఇదే జరుగుతుంది, ముందు మేకులు పీకాలి.

కాగితం అంచు లేచిందంటే ఇక దాన్ని వాడకూడదు, చిరిగి ఎగిరి మొహానికి తగులుతుంది. మార్చేటప్పుడు బటన్ ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. జిగురు కాగితమైతే డిస్కుని హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి ఒక అంచు నుంచి మెల్లగా లాగితే ఊడొస్తుంది. మిగిలిన జిగురుని థిన్నర్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఏదీ వద్దు. కొత్తది బుడగలు లేకుండా మధ్యనుంచి అంచులకి నొక్కుతూ అంటించండి. తర్వాత పక్కకి నిలబడి ఒక నిమిషం ఊరికే తిప్పి చూడండి. ఆకారం తేవడానికి 80 నంబరు, తర్వాత 120 సరిపోతుంది. చెక్క నల్లగా మాడుతోందంటే కాగితం అరిగిపోయిందో, మీరు ఎక్కువ నొక్కుతున్నారో, ఒకేచోట ఆపి ఉంచుతున్నారో. అంచు లేవని కాగితమైతే, పారేసే ముందు ఒకసారి పాత చెప్పుల క్రేప్ రబ్బరు సోల్ పెద్ద ముక్క తీసుకుని, తిరుగుతున్న డిస్కుకి దిగే వైపున ఆనించండి. గరుకులో ఇరుక్కున్న పొడి దానికి అంటుకుని వచ్చేస్తుంది, కాగితం ఇంకొన్నాళ్ళు పనిచేస్తుంది.

నెలకోసారి మెయిన్ ఆపి డిస్క్ అంచు పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఆట కనిపించినా, తిరిగేటప్పుడు గరగరమన్నా బేరింగ్ మార్పించాలి. మోటారు వెనక ఫ్యాను జాలీలో పొడి పేరుకుంటే మోటారు వేడెక్కుతుంది, బ్రష్‌తో దులపండి. ఆపాక డిస్క్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. చెక్క ఆనించి ఆపే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి.

ఖర్చు మాట కూడా చెప్పాలి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం ఒక వృత్తి. పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల దాకా అప్పు అందులో ఉన్నాయి. మామయ్యగారు నమోదు చేసుకున్నారో లేదో కనుక్కోండి.

ఇంత చేశాక కూడా ఇంట్లో అందరూ అమ్మేద్దామనే అంటే అమ్మేయండి, అందులో తప్పేం లేదు. కాకపోతే స్టార్టర్ పెట్టించి, దిశ సరిచేయించాకే అమ్మండి. కొనేవాళ్ళ ఎదురుగా ఒకసారి తిప్పి, ఏ వైపు పనిచేయాలో చూపించి మరీ ఇవ్వండి.